ఒలోవె: తలుపు లండన్ పోయింది, పేరు ఊళ్ళోనే ఉంది

చేతిపనుల చరిత్ర, 6వ భాగం

మిత్రులారా, పోయిన భాగం చదివి ఒక మిత్రుడు అడిగాడు: "మేడమ్, పనిచేసిన మనిషి పేరు చరిత్రలో లేకుండా పోవడం మన దగ్గరే జరిగిందా, వేరే దేశాల్లో కూడా ఉందా?" దానికి జవాబుగా ఈసారి ఒక మనిషి కథ చెప్తాను. పశ్చిమ ఆఫ్రికాలో, ఇవాళ్టి నైజీరియాలో పుట్టిన చెక్కపనివాడు. పేరు ఒలోవె. పనిచేసిన ఊరు ఇసె. అందుకే చరిత్రకారులు అతన్ని ఊరి పేరు కలిపి ఇసె ఒలోవె అంటారు.

అతను చెక్కిన జంట తలుపులు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం సొత్తుగా ఉన్నాయి. మనిషి ఎత్తుని మించిన కర్ర తలుపులు, వాటి మీద రాజు, రాణులు, తెల్ల అధికారి, మోతగాళ్లు. ఆ తలుపులు 1924లో లండన్ చేరాయి. ఒలోవె చనిపోయింది 1938లో. అంటే తలుపు మ్యూజియంలోకి వెళ్ళిన తర్వాత ఇంకో 14 ఏళ్లు ఆ తలుపు చెక్కిన మనిషి బతికే ఉన్నాడు, బాడిస పట్టి పనిచేస్తూనే ఉన్నాడు. ఎవరైనా అడిగితే పేరు చెప్పేవాళ్లు ఆ ఊళ్ళో వందల మంది ఉన్నారు. అడిగినవాడు లేడు.

నేను ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్నది ఇదే. "అజ్ఞాత కళాకారుడు" అని రాసిన ప్రతిచోటా ఆ కళాకారుడు నిజంగా అజ్ఞాతం కాదు. అడగాల్సినవాళ్లు అడగలేదు.

మొదట మనిషి

ఒలోవె 1875 ప్రాంతంలో ఎఫొన్-అలాయె అనే ఊళ్ళో పుట్టాడు. చెక్కపనికి పేరున్న ఊరు అది. నైజీరియా నైరుతి భాగంలో యోరుబా భాష మాట్లాడే జనం ఉంటారు. అందులో తూర్పు వైపు కొండల ప్రాంతం ఎకితి. అప్పట్లో అది ఒకే రాజ్యం కాదు. ప్రతి పెద్ద ఊరికీ ఒక రాజు, ఆ రాజుకి ఒక బిరుదు. ఇసె ఊరి రాజుని అరింజాలె అంటారు. ఇకెరె ఊరి రాజుని ఒగోగ అంటారు. ఈ రెండు బిరుదులూ గుర్తుపెట్టుకోండి, కథలో మళ్ళీ వస్తాయి.

అతని చిన్నతనం యుద్ధంలో గడిచింది. 1877 నుంచి 1893 దాకా ఇబాదాన్ సైన్యానికీ, ఎకితి ఊళ్ళన్నీ కలిసి కట్టిన కూటమికీ యుద్ధం నడిచింది. దాన్ని కిరిజి యుద్ధం అంటారు. తుపాకుల మోతని బట్టి ఆ పేరు వచ్చిందని చెప్తారు. పదహారేళ్ల యుద్ధమంటే ఒక తరం పిల్లలు యుద్ధంలోనే పుట్టి యుద్ధంలోనే పెద్దయ్యారన్నమాట. 1861లోనే లాగోస్‌ని కలుపుకున్న బ్రిటిష్ వాళ్లు ఈ తగవులో పెద్దమనుషులుగా దిగారు. యుద్ధం అయిపోయేసరికి పెత్తనం వాళ్ల చేతిలో ఉంది. కొట్లాడుకునే ఇద్దరి మధ్య తీర్పు చెప్పడానికి వచ్చినవాడు ఇల్లు స్వాధీనం చేసుకోవడం మన చరిత్రలో కూడా చూశాం.

ఒలోవె పుట్టిన ఊరు వదిలి ఇసె చేరాడు. అక్కడ అరింజాలె దర్బారులో కబురు తీసుకెళ్ళే ఉద్యోగిగా ఉండేవాడు. ఆ దర్బారులోనే చెక్కపనివాడిగా ఎదిగాడు. అరింజాలె మహలుకి స్తంభాలు, తలుపులు చెక్కాడు. ఆ పని చూసి చుట్టుపక్కల రాజులు తమకీ కావాలన్నారు. ఇకెరె, అకూరె, ఇలేషా. రాజుల మధ్య పోటీ కూడా ఉంటుంది కదా. పక్క ఊరి రాజు మహల్లో అంత గొప్ప స్తంభం ఉంటే నా మహల్లో ఎందుకుండకూడదు అని. ఒక రాజు పిలిస్తే ఒలోవె అక్కడికి వెళ్ళి, ఆ మహల్లోనే నెలలు, ఏళ్లు ఉండి పని పూర్తి చేసి వచ్చేవాడు. 1910కీ 1914కీ మధ్య నాలుగేళ్లు ఇకెరె ఒగోగ దగ్గర పనిచేశాడు. ఇప్పుడు ప్రపంచం అతని గొప్ప పనులని చెప్పుకునేవాటిలో చాలావరకు ఆ నాలుగేళ్ల చెమటే.

పని ఎట్లా చేస్తారు

మన వడ్రంగి చేతిలో బాడిస చూసినవాళ్లకి యోరుబా చెక్కపనివాడి పనిముట్టు కొత్తేమీ కాదు. పిడికి అడ్డంగా, కొట్టే మనిషి వైపు తిరిగి ఉండే ఇనుప పలక. చెట్టు కొట్టడానికి గొడ్డలి, రూపం తీయడానికి పెద్ద బాడిస, చిన్న బాడిస, తర్వాత ఉలి, చివర్లో కత్తి. తలుపులకీ స్తంభాలకీ ఎక్కువగా వాడేది ఇరోకో చెట్టు. చాలా గట్టి కర్ర, చెదలకి లొంగదు. మన టేకుతో పోల్చుకోవచ్చు.

ఇనుముతో పనిచేసేవాళ్లందరికీ అక్కడ ఒకే దేవుడు, పేరు ఒగున్. కమ్మరి, వేటగాడు, చెక్కపనివాడు, ఇవాళ లారీ డ్రైవరు, మెకానిక్కు కూడా ఆయన్నే మొక్కుతారు. దసరాకి పనిముట్లకి, బండ్లకి బొట్టుపెట్టే మనకి ఇది వెంటనే అర్థమవుతుంది.

పనిలో నాలుగు దశలు ఉంటాయి. ఎకితి ప్రాంతంలో ఏళ్ల తరబడి చెక్కపనివాళ్లతో కలిసి బతికిన కెవిన్ కారోల్ అనే కాథలిక్ ఫాదర్ 1967లో వేసిన పుస్తకంలో ఈ దశల యోరుబా పేర్లు కూడా రాసిపెట్టాడు. మొదటిది ఒనా లీలె. అంటే దుంగలో తల ఎక్కడ, ఒళ్లు ఎక్కడ, కాళ్లు ఎక్కడ అని మోటుగా విడగొట్టడం. రెండోది అలెతున్లె. ఆ మోటు ముద్దల్లోంచి ముక్కు, చెవి, చెయ్యి, వేళ్ల వంటి చిన్న భాగాలు తీయడం. మూడోది దీదాన్. బాడిస గాట్లు పోయేలా నునుపు చెయ్యడం. నాలుగోది ఫీఫిన్. కత్తి మొనతో జడ పాయలు, బట్ట మీద గీతలు, ఒంటి మీద పచ్చబొట్ల లాంటి గాట్లు కొయ్యడం.

ఈ నాలుగింటిలో అన్నిటికంటే కష్టమైనది మొదటిది. చూసేవాళ్లకి చివరి దశ గొప్పగా కనిపిస్తుంది కానీ, కొలతంతా మొదటి పది దెబ్బల్లోనే ఉంటుంది. దుంగలోంచి ఎక్కువ కొట్టేస్తే మళ్ళీ అతికించలేం. అందుకే గురువు మొదటి దశ తన చేతుల్లో పెట్టుకుంటాడు, మధ్య పని శిష్యులకి ఇస్తాడు, చివరి కత్తిపని మళ్ళీ తను తీసుకుంటాడు. శిష్యుడు ఏళ్ల తరబడి గురువు ఇంట్లో ఉంటాడు. నీళ్లు మోస్తాడు, పొలం పని చేస్తాడు, పనిముట్లు నూరుతాడు. ఫీజు కట్టే బదులు ఒళ్లు వంచుతాడు.

డిజైన్ కాగితం మీద గీసుకోవడం లేదు. రెండు మీటర్ల తలుపు మీద ఇరవై, ముప్పై మంది మనుషుల్ని ఎక్కడ నిలబెట్టాలో అంతా తలలోనే ఉంటుంది. దీన్ని "చేతి నైపుణ్యం" అని పిలిచి పక్కన పెట్టేవాళ్లకి ఒకటే ప్రశ్న. ఆ లెక్క చెయ్యి వేసిందా, బుర్ర వేసిందా? చేతిని బుర్ర నుంచి విడదీసి, చెయ్యి ఒక కులానికి, బుర్ర ఇంకో కులానికి పంచిన దేశంలో ఉన్నాం కాబట్టి ఈ ప్రశ్న మనం పదేపదే అడగాలి.

తలుపు మీద ఏముంది

ఇకెరె తలుపుల్లో రెండు రెక్కలు. రెండూ పైనుంచి కిందికి అంతస్తులుగా విడగొట్టి ఉంటాయి. ఒక రెక్క మీద ఒగోగ కిరీటం పెట్టుకుని సింహాసనం మీద కూర్చుని ఉంటాడు, చుట్టూ రాణులు, పరివారం. రెండో రెక్క మీద బ్రిటిష్ అధికారి వస్తున్నాడు. కెప్టెన్ ఆంబ్రోస్ అని అతని పేరు చెప్తారు. అతను నడిచి రావడం లేదు. ఇద్దరు మనుషులు భుజాల మీద మోస్తున్న డోలీలో కూర్చుని వస్తున్నాడు. వెనక అతని మనుషులు, మూటలు మోసేవాళ్లు.

తలుపు మూస్తే రెండు రెక్కలూ ఒకటవుతాయి. రాజు ఇటు, దొర అటు. రాజు నిటారుగా, కదలకుండా కూర్చుంటాడు. దొర ఇంకొకళ్ల భుజాల మీద ఊగుతూ వస్తాడు. నిజానికి ఆ రోజుకి పెత్తనం ఎవరిదో అందరికీ తెలుసు. కానీ ఒలోవె చెక్కినదాన్లో స్థిరంగా ఉన్నది రాజు. వచ్చి పోయేవాడిగా ఉన్నది దొర. పాలకుడిని ఎదిరించి ఒక్క మాట కూడా అనకుండా, పాలకుడికే చూపించగలిగే బొమ్మలో ఈ మాట అన్నాడు. లండన్ వాళ్లు దాన్ని ముచ్చటపడి తీసుకెళ్ళారు.

నా క్లాసులో ఈ తలుపు ఫోటో చూపించినప్పుడు వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి అంది: "మేడమ్, డోలీ మోసేవాళ్ల మొహాలు కూడా చెక్కాడు." అవును. మోతగాళ్లకి కూడా మొహం ఉంది, నడుము ఉంది, అడుగు ఉంది. మన దగ్గర దొరల్ని, అగ్రహారీకుల్ని పల్లకీల్లో మోసిన బోయీల వారసులు ఇది చదువుతుంటే, ఆ మోతగాళ్ల మీద ఒక నిమిషం చూపు నిలపండి.

ఇంకో సంగతి లోతు. మామూలుగా తలుపు మీద బొమ్మ అంటే పలక మీద వేలు మందం ఉబ్బెత్తు. ఒలోవె బొమ్మలు తలుపులోంచి బయటకి వచ్చేస్తాయి. కొన్ని దాదాపు విడిగా నిలబడ్డ బొమ్మలే. వెనక పలక ఖాళీగా వదలకుండా గీతల అల్లికలతో నింపి రంగులు వేశాడు. ఎత్తులు కూడా ఒక్క తీరుగా ఉండవు, ఒక మనిషి ముందుకి, ఒక మనిషి వెనక్కి. పొద్దున పడే ఎండకీ సాయంత్రం పడే ఎండకీ నీడలు మారి, బొమ్మలు నడుస్తున్నట్టు కనపడతాయి.

అదే మహలు వసారాకి చెక్కిన స్తంభం ఒకటి ఇప్పుడు అమెరికాలో, చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. ఎత్తు సుమారు 152 సెంటీమీటర్లు. సింహాసనం మీద రాజు, అతని వెనక పెద్ద రాణి నిలబడి ఉంటుంది. రాజు చిన్నగా, కుర్రాడిలా ఉంటాడు, కాళ్లు నేలకి సరిగా ఆనవు. రాణి అతనికంటే ఎంతో ఎత్తు. ఆమె చేతులు సింహాసనం మీద ఉంటాయి. పట్టాభిషేకంలో కిరీటం రాజు తలమీద పెట్టేది పెద్ద రాణే. కిరీటం కొసన ఒక పక్షి. ఆ పక్షి ఆడవాళ్ల శక్తికి, "మా తల్లులు" అని యోరుబా వాళ్లు భయభక్తులతో పిలిచే ముసలమ్మల శక్తికి గుర్తు. వాళ్లు ఊ అంటేనే రాజు రాజు. రాజు డబ్బులిచ్చి చెక్కించుకున్న స్తంభంలోనే ఒలోవె ఆ సంగతిని అందరికీ కనపడేలా నిలబెట్టాడు.

1924, వెంబ్లీ

1924 ఏప్రిల్ 23న లండన్ దగ్గర వెంబ్లీలో బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శన మొదలైంది. వలస దేశాలన్నీ తమ సరుకు తెచ్చి చూపించాలి. మన దేశానికి కూడా అక్కడ పెద్ద భవనం కట్టారు. పశ్చిమ ఆఫ్రికాకి మట్టి ప్రహరీతో ఊరు లాంటిది కట్టి, అందులో ఆఫ్రికన్లని కూర్చోబెట్టి నేత నేయించారు, చెక్క చెక్కించారు. టికెట్ కొన్న జనం వచ్చి చూసి వెళ్ళేవాళ్లు. పత్రికల్లో వాళ్ల మీద వెకిలి రాతలు వచ్చాయి. లండన్‌లో చదువుకుంటున్న పశ్చిమ ఆఫ్రికా విద్యార్థులకి కడుపు మండింది. నైజీరియా నుంచి వెళ్ళి లా చదువుతున్న లాదిపో సొలాంకె వాటిని ఖండిస్తూ పత్రికకి రాశాడు. మరుసటి ఏడాది, 1925లో, అతనూ మిత్రులూ కలిసి పశ్చిమ ఆఫ్రికా విద్యార్థుల సంఘం పెట్టారు. తర్వాత రోజుల్లో స్వాతంత్ర్య ఉద్యమాలకి మనుషుల్ని ఇచ్చిన సంఘం అది. అవమానం జరిగిన చోటే సంఘం పుట్టడం మనకి తెలిసిన చరిత్రే.

ఇకెరె తలుపులు ఆ ప్రదర్శనకే వెళ్ళాయి. బ్రిటిష్ మ్యూజియం వాళ్లు చూశారు, కావాలన్నారు. ఒగోగ డబ్బుకి అమ్మనన్నాడు. చివరికి ఇంగ్లండులో తయారైన సింహాసనం ఒకటి ఇస్తే మార్పిడికి ఒప్పుకున్నాడు. అట్లా కుర్చీ ఇకెరె వచ్చింది, తలుపు లండన్‌లో ఉండిపోయింది. ఒగోగ మహలుకి ఒలోవె మళ్ళీ కొత్త తలుపు చెక్కి ఇచ్చాడు.

ఇది 1897లో బెనిన్ నగరాన్ని కాల్చి కంచు బొమ్మలు ఎత్తుకెళ్ళినట్టు దోపిడీ కాదు, నిజమే. మాట్లాడుకుని మార్చుకున్నారు. కానీ ఆ మాటల్లో రాజు పేరు ఉంది, దొర పేరు ఉంది, కుర్చీ కొలతలు కూడా ఉండే ఉంటాయి. ఒలోవె పేరు లేదు. తలుపు మీద చెక్కబడ్డ తెల్ల అధికారి పేరు రికార్డుల్లోకి ఎక్కింది. చెక్కినవాడి పేరు ఎక్కలేదు. అతని గురించి ఇంగ్లీషులో వ్యాసం వచ్చింది 1944లో, చనిపోయిన ఆరేళ్లకి. రాసినవాడు ఫిలిప్ ఆలిసన్, నైజీరియా అడవుల శాఖలో ఉద్యోగి. చెట్ల పని మీద ఊళ్ళు తిరిగేవాడు, ఈ తలుపులు ఎవరు చెక్కారని అడిగాడు. జనం చెప్పారు. అంత తేలిక.

పేరు ఎవరి దగ్గర ఉంది

చాలాకాలం యూరప్ పండితులు ఒక సిద్ధాంతం చెప్పారు. ఆఫ్రికాలో కళ తెగది, వ్యక్తిది కాదు, అక్కడి కళాకారుడికి తన పేరు మీద ధ్యాస ఉండదు అని. వినడానికి గౌరవంగా ఉంటుంది, కానీ పచ్చి అబద్ధం. యోరుబా పండితుడు రోలాండ్ అబియోదున్ దీనికి లోపలి నుంచి జవాబు రాశాడు. యోరుబా సమాజంలో పేరుకి శక్తి ఉందని నమ్ముతారు. పరాయివాడు వచ్చి పేరు అడిగితే వెంటనే చెప్పరు, చెడు చేస్తాడేమో అని అనుమానం. పేరు చెప్పాల్సిన చోటు వేరే ఉంది. దాని పేరు ఒరికి.

ఒరికి అంటే ఒక మనిషిని, వంశాన్ని, ఊరిని, దేవుణ్ణి పొగుడుతూ పాడే బిరుదుల మాలిక. మనిషి ఎవరి బిడ్డ, ఏం చేశాడు, ఎక్కడ గొప్పవాడనిపించుకున్నాడు అన్నీ అందులో ఉంటాయి. ఈ ఒరికిని ఎక్కువగా కాపాడేది ఆడవాళ్లు, ముఖ్యంగా ఆ ఇంటికి కోడళ్లుగా వచ్చినవాళ్లు. కారిన్ బార్బర్ అనే పరిశోధకురాలు ఒకుకు అనే ఊళ్ళో ఉండి, ఆ ఆడవాళ్ల ఒరికి మీద 1991లో పెద్ద పుస్తకమే రాసింది.

1988లో జాన్ పెంబర్టన్ అనే అమెరికన్ పరిశోధకుడు ఇసె వెళ్ళాడు. ఒలోవె చనిపోయి అప్పటికి 50 ఏళ్లు. అతని భార్యల్లో ఒకావిడ, ఒలోజు-ఇఫున్, ఇంకా బతికే ఉంది. ఆమె తన భర్త ఒరికి మొత్తం పాడింది. గట్టి కర్ర అతని చేతిలో ఎంత సులువుగా లొంగేదో, ఏయే రాజుల మహళ్లలో అతని పని ఉందో, ఒగోగ దగ్గర నాలుగేళ్లు ఎట్లా గడిపాడో అందులో ఉంది. మ్యూజియం వాళ్ల రికార్డులో లేని వివరం ఒక ముసలమ్మ నోట్లో 50 ఏళ్లు చెక్కుచెదరకుండా ఉంది. పదేళ్ల తర్వాత, 1998లో, రోస్లిన్ వాకర్ అనే నల్లజాతి కళాచరిత్రకారిణి వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ ఆఫ్రికన్ ఆర్ట్ మ్యూజియంలో ఒలోవె ఒక్కడి పేరు మీదే ప్రదర్శన పెట్టి, పుస్తకం తెచ్చింది. ఆ పుస్తకానికి ఆ ముసలమ్మ పాట కూడా ఒక ఆధారం.

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నాకు ఇక్కడ మన లైబ్రరీలు గుర్తొస్తాయి. పీహెచ్‌డీ రోజుల్లో జానపద గేయ సంకలనాలు బోలెడు తిరగేశాను. అట్ట మీద సేకర్త పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. లోపల వందల పాటలు. నాట్లు వేస్తూ పాడినామె, తిరగలి విసురుతూ పాడినామె పేరు చాలా పుస్తకాల్లో ఉండదు. "ఒక వృద్ధురాలు" అని ఉంటుంది, లేదా ఊరి పేరు మాత్రం ఉంటుంది. పాట తీసుకున్నవాడికి పేరుంది, ఇచ్చినామెకి లేదు. వెంబ్లీలో జరిగిందీ ఇదే.

మన ఒరికి కూడా మనకి ఉండేది. మాదిగ ఇళ్ళకి డక్కలివాళ్లు వచ్చి జాంబపురాణం చెప్పి, ఆ ఇంటి గోత్రం, వంశం పేర్లు పాడేవాళ్లు. మా అమ్మ చిన్నప్పుడు వాళ్లు వచ్చి మా ముత్తాతల పేర్లు వరసగా చెప్పడం ఆమెకి ఇంకా గుర్తు. రెవెన్యూ రికార్డుల్లో ఆ పేర్లు లేవు. భూమి లేనివాడి పేరు పహాణీలో ఎందుకుంటుంది? మా ముత్తాతలు బతికారనడానికి ఉన్న ఒకే ఆధారం ఒక డక్కలి గొంతు. ఆ కులం నుంచి వచ్చిన కిన్నెర మొగులయ్యకి 2022లో పద్మశ్రీ వస్తే చాలామంది ఆ వాయిద్యం పేరు మొదటిసారి విన్నారు.

ఊరి జనం విమర్శకులు

ఇంకో అబద్ధం కూడా ఉంది. చేతిపనివాళ్లకి కళ ఉంటుంది కానీ కళ గురించి ఆలోచన ఉండదని. మన దగ్గర అలంకారశాస్త్రం ఎవరు రాశారో, ఎవరిని చదవనివ్వలేదో తెలిసినవాళ్లకి ఈ మాట వెనక ఉన్నది అర్థమవుతుంది.

1960లలో రాబర్ట్ ఫారిస్ థాంప్సన్ అనే అమెరికన్ యోరుబా ఊళ్ళు తిరిగి, కర్రబొమ్మలు ముందు పెట్టి, ఏది బాగుంది, ఎందుకు బాగుంది అని జనాన్ని అడిగాడు. రాజులూ పూజారులే కాదు, మామూలు రైతులు, వ్యాపారం చేసుకునేవాళ్లు కూడా జవాబు చెప్పారు. ఒక్కొక్క గుణానికి వాళ్ల దగ్గర ఒక్కొక్క మాట ఉంది. జిజోరా: బొమ్మ మనిషిలా ఉండాలి, కానీ అచ్చు ఫలానా మనిషిలా ఉండకూడదు. ఇఫారాహాన్: ప్రతి భాగం స్పష్టంగా కనపడాలి. దీదాన్: నునుపు మీద వెలుగు ఆడాలి. గిగూన్: నిటారుగా ఉండాలి. ఓదో: ముసలివాళ్ల బొమ్మ అయినా వయసులో ఉన్నట్టు, నిండు జీవంతో చెక్కాలి. ఇది పూర్తి స్థాయి కళాశాస్త్రం. తాటాకు మీద ఎవరూ రాయలేదు, గుళ్ళో ఎవరూ దాచలేదు. సంతలో సరుకు అమ్ముకునేవాడి నాలుక మీద ఉంది.

ఒలోవె వట్టి రాజుల మెప్పు కోసం చెక్కలేదనడానికి ఇదే కారణం. అతని పని చూసే ప్రతి కన్నూ తీర్పు చెప్పగలిగిన కన్నే.

అక్కడ కులం ఉందా

ఈ ప్రశ్న మీరు అడుగుతారని తెలుసు. యోరుబా వాళ్లలో చెక్కపని కొన్ని ఇళ్ళల్లో తరతరాలుగా వస్తుంది, కానీ అది కులం కాదు. పుట్టుకతో ఎవరికీ తలుపు మూయలేదు. బయటి పిల్లవాడు గురువు దగ్గర చేరి నేర్చుకోవచ్చు. లామిదీ ఫాకెయె వంశపారంపర్య చెక్కపనివాళ్ల ఇంట్లోనే పుట్టాడు, అయినా పని నేర్చుకోవడానికి వేరే ఇంటి గురువు బందెలె దగ్గర చేరి, ప్రపంచం మెచ్చిన కళాకారుడయ్యాడు. చెక్కపనివాడు తాకితే మైలపడిన రాజు లేడు. అలాగని అది సమానత్వపు స్వర్గమూ కాదు. యుద్ధంలో పట్టుబడ్డవాళ్లని బానిసలుగా అమ్మారు. అప్పు తీర్చలేనివాళ్లు పిల్లల్ని వెట్టికి పెట్టారు. వాళ్ల రాజుల చరిత్ర చదివేటప్పుడు దీన్ని కప్పిపుచ్చకూడదు.

అదే పశ్చిమ ఆఫ్రికాలో, మాలీ వైపు వెళ్తే సంగతి మారుతుంది. బమనా, మందె జనాల్లో కర్ర చెక్కేది కమ్మరులు. వాళ్లని నుము అంటారు. నుము ఇంట్లో పుట్టినవాడే నుము. పెళ్ళిళ్ళు ఎక్కువగా వాళ్లలో వాళ్లకే. వాళ్ల ఆడవాళ్లు కుండలు చేస్తారు. తోలుపని చేసేవాళ్లు, పాటలు పాడేవాళ్లు విడివిడి గుంపులు. వీళ్లందరినీ కలిపి న్యామకలా అంటారు. "గొప్పింటి" వాళ్లు వీళ్లకి పిల్లనివ్వరు. అదే సమయంలో వీళ్ల శక్తికి భయపడతారు, వీళ్లు లేకుండా ఏ కార్యమూ జరగదు. తోలుపని, డప్పు, చావు, పెళ్ళి అన్నిటికీ మాదిగవాడు కావాలి, గుమ్మం లోపలికి మాత్రం రాకూడదు అన్న ఊళ్ళలో పెరిగినవాళ్లకి ఇది వివరించక్కర్లేదు. తేడాలు చాలా ఉన్నాయి. మన అంటరానితనం అంత క్రూరంగా, అంత గట్టి శాస్త్రంతో అక్కడ లేదు. కానీ పుట్టుకకి పనిని కట్టేయడం ఒకటే.

అందుకే 2001లో దర్బన్‌లో ఐక్యరాజ్యసమితి జాత్యహంకార వ్యతిరేక సదస్సుకి దళిత సంఘాలు వెళ్ళి కులం గురించి మాట్లాడాయి. కులం జాతి కాదు, అది మా ఇంటి విషయం అని మన ప్రభుత్వం అడ్డుపడింది. మరుసటి ఏడాది, 2002లో, జాతి వివక్ష నిర్మూలన కమిటీ 29వ సాధారణ సిఫార్సులో పుట్టుకని బట్టి చేసే వివక్ష, కులవ్యవస్థతో సహా, తమ ఒడంబడిక కిందికే వస్తుందని రాసింది. ఆఫ్రికా చెక్కపనివాడి కథ మనకెందుకు అనేవాళ్లకి ఇది జవాబు.

దొర్లే తల

చివరగా ఒక గిన్నె గురించి. ఒలోవె 1925 ప్రాంతంలో చెక్కిన మూత గిన్నె స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. ఒక ఆడమనిషి మోకాళ్ల మీద కూర్చుని గిన్నె పట్టుకుని ఉంటుంది. అతిథులకి కోలా గింజలు పెట్టే రకం గిన్నె. మూత మీద ఆడవాళ్లు చేతులు కలిపి నాట్యం చేస్తుంటారు. గిన్నె కింద చుట్టూ చిన్న బొమ్మలు మోకరించి దాన్ని మోస్తుంటాయి. ఆ చిన్న బొమ్మల మధ్య, పంజరంలో ఉన్నట్టు, ఒక మనిషి తల ఉంటుంది. గిన్నె కదిపితే ఆ తల అటూ ఇటూ దొర్లుతుంది. బయటకి మాత్రం రాదు. దాన్ని తర్వాత లోపల పెట్టలేదు. ఆ బొమ్మల సందుల్లోంచి కత్తి పోనిచ్చి, అదే దుంగలోంచి తలని విడిగా చెక్కాడు.

అవసరం లేని పని. రాజు అడిగి ఉండడు. గిన్నెకి దానితో ఉపయోగం లేదు. ఇది నా వల్లనే అవుతుంది, చూడండి అని చెప్పడానికే చేశాడని నాకనిపిస్తుంది. పేరు మీద ధ్యాస లేని మనిషి చేసే పని కాదది.

మిత్రులారా, మీ ఊళ్ళో డప్పు చేసేవాళ్లు, బుట్టలు అల్లేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, రథం చెక్కినవాళ్లు, బతుకమ్మ పాట మొదలెట్టే పెద్దమ్మ ఇంకా ఉన్నారు. ఫోన్‌లో వాళ్ల ఫోటో తీస్తాం, వీడియో పెడతాం, "మన పల్లె కళ" అని రాస్తాం. ఈసారి కూర్చుని నాలుగు సంగతులు అడగండి. పేరేంటి, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, వాళ్లు ఎవరి దగ్గర నేర్చుకున్నారు, మీరు చేసినవాటిలో మీకు ఏది ఇష్టం. పేరు బయటపెట్టడం ఇష్టమో కాదో కూడా అడగండి. ఇష్టమంటే రాసిపెట్టండి. ఇసె ఊళ్ళో ఆ ముసలమ్మ 50 ఏళ్లు ఎదురుచూసింది. మన ముసలమ్మలకి అంత టైం లేదు.

తర్వాతి భాగంలో మాలీ కమ్మరుల గురించి, వాళ్ల ఆడవాళ్ల కుండల గురించి రాస్తాను.

జై భీమ్.